అప్పుల పద్దు



చిలమత్తూరువంటి మెట్టసీమలో వాన తప్పిన యేట విత్తనమునకును, పశువుల మేతకును అప్పు తప్పదు. అయితే రైతును కుంగదీయునది వడ్డీ యొక్కటియే కాదు. పద్దుపుస్తకము షావుకారునొద్దనే యుండుట. నోటు వెనుక చెల్లు వ్రాయని సొమ్ము చెల్లించినను చెల్లించనట్లే.

ఈ చిక్కు మన సీమకే పరిమితము కాదు. 1875 మే నెలలో పూనా జిల్లా సూపా గ్రామమున రైతులు షావుకార్లపై తిరుగబడి, ధనముకన్న పత్రములనే వెదకి తగులబెట్టిరి. తమ్ము బంధించినది కాగితమని వారెరుగుదురు. విచారణ జరిగి, 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టము వెలువడెను. చెల్లించిన సొమ్మునకు రశీదు, ఏటేట లెక్కల నకలు, పాసుపుస్తకము పొందు హక్కు రైతునకు కలిగెను. అది బొంబాయి రాజధానిలోని మాట. 1876–78 క్షామమున నలిగిన మన సీమకది వర్తింపలేదు.

మదరాసులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1938లో రైతు ఋణవిమోచన చట్టము చేసెను. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో పాత అప్పు తీరినట్లే. మంచిదే, కాని రెట్టింపు చెల్లించితినని చూపుటకు మరల ఆ రశీదే కావలెను గదా! వచ్చే యేడు మరల అప్పునకు పోవలసినవాడు ఈయేడు రశీదుకై పట్టుబట్టునా?

అడుగు భారమును అప్పుగొన్నవానినుండి తప్పించినది 2010 అక్టోబరునాటి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు. అదియే పిదప చట్టమయ్యెను. అప్పటికి సూక్ష్మఋణ సంస్థలు పల్లెల స్త్రీలకు విరివిగా అప్పులిచ్చి, వారమువారము వసూలు చేయుచుండెను. ఒకే యింట మూడు నాలుగు సంస్థల బాకీలు పడినవి. ఆత్మహత్యల వార్తలు వచ్చినవి. కొత్త చట్టము ప్రకారము సంస్థ జిల్లాలో నమోదు కావలెను. ప్రతినెల 10వ తేదీకి ముందు అప్పుగొన్నవారి జాబితా, ఒక్కొక్కరికిచ్చిన మొత్తము, వడ్డీ, చెల్లింపు తెలుపు పట్టికను అధికారికి పంపవలెను. వడ్డీ అసలును మించరాదు.

నా దృష్టిలో ఆ నెలసరి పట్టికయే ఈ చట్టమునకు ప్రాణము. అయినను ఫలితము వేరుగా పరిణమించెను. వసూళ్లు కూలినవి, సంస్థలు కొత్త అప్పులు దాదాపు నిలిపివేసినవి. అక్కరగలవారు పలువురు మరల షావుకారునొద్దకే పోయిరి. అతడు ఈ చట్టమున ఏ పట్టికయు పంపనక్కరలేదు! రిజర్వు బ్యాంకు నియంత్రణలోని సంస్థలకు ఈ చట్టము వర్తింపదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పెను.

2017 నుండి ఎవరైనను ఋణసమాచార సంస్థలనుండి తమ అప్పుల వృత్తాంతమును ఏటికొకసారి ఉచితముగా పొందవచ్చును. బ్యాంకులు, నమోదైన సంస్థలు ఇచ్చిన అప్పులన్నియు అందు కనబడును. చిలమత్తూరున చేబదులుగా తెచ్చినది మాత్రము కానరాదు.