గ్రంథములో దారి: తాటాకునుండి కంప్యూటరు తెరవరకు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిమీద సూర్యాపేట దాటిన తరువాత మునగాల, ఆపై కోదాడ వచ్చును. దారి పొడవునా రెండు విధములైన గుర్తులు కనబడును. కిలోమీటరు రాయి ఎంత దూరము వచ్చితిమో చెప్పును. ఊరి పేరు వ్రాసిన పలక ఎక్కడ ఉన్నామో చెప్పును. పొడవైన వ్రాతలో తిరుగువానికిని ఈ రెండును అవసరమే. పుట అంకె మొదటిదానివంటిది, శీర్షిక రెండవదానివంటిది. నేడు కంప్యూటరుమీద రెండువందల పుటల వ్రాతను సిద్ధపరచు ఉపాధ్యాయుడు వానిని చేతిక్రిందనే కలిగియున్నాడు. కాని వీనిని కనుగొనుటకు మానవునకు అనేక శతాబ్దములు పట్టినది. ఆ చరిత్రలో కొంత భాగము ఈ రహదారి ప్రక్కనే జరిగినది.

సూర్యాపేటకు సమీపమున పిల్లలమర్రి గ్రామములో కాకతీయుల కాలపు దేవాలయములును, శాసనములును కలవు. వానిలో ఒకటి క్రీ. శ. 1195వ సంవత్సరమునాటిది. శాసనమునకు పుటలు లేవు, విషయసూచిక లేదు. అయినను శాసనములు చదువ నేర్చినవాడు దారి తప్పడు. ఏలయన, వాని రచనలో సాధారణముగా ఒక క్రమము పాటింపబడును: ముందు మంగళవాక్యము, పిదప రాజవంశ వర్ణన, శకవర్షము, దానము చేసిన భూమి వివరములు, చివర దానమును చెరచినవానికి శాపము. పొలిమేరలు తెలియగోరువాడు తిన్నగా కడపటి భాగమునకు పోవచ్చును. వ్రాతయొక్క అమరికయే ఇచట దారి చూపుచున్నది.

తాటాకు గ్రంథములో మరియొక సాధనము చేరినది. ఆకులకు రంధ్రము చేసి త్రాడు గ్రుచ్చెడివారు; అంచున ఆకు సంఖ్య వేసెడివారు. త్రాడు తెగి ఆకులు చెదరినను, ఆ సంఖ్యనుబట్టి వానిని మరల వరుసలో పేర్చవచ్చును. అనగా ఆ అంకె ముఖ్యముగా గ్రంథమును కాపాడుటకు ఉద్దేశింపబడినది. ఒకే కావ్యమును ఇద్దరు లేఖకులు వ్రాసినచో ఒకని పదియవ ఆకులోని పద్యము రెండవవాని పదమూడవ ఆకులో ఉండవచ్చును. అందువలన పండితులు ఆకు సంఖ్య చెప్పక, ఆశ్వాసమును, పద్యమును చెప్పెడివారు.

మరి నిఘంటువుల సంగతి యేమి? అమరకోశము మూడు కాండములుగాను, కాండములు వర్గములుగాను విభజింపబడినది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామసంగ్రహముకూడ వర్గములుగానే నడచును. ఒక పదమునకు అర్థము కావలెనన్నచో అది ఏ వర్గమునకు చెందినదో ముందే తెలిసియుండవలెను. ఇవి వెదకుకొనుటకు కాక, కంఠస్థము చేయుటకు ఏర్పడిన గ్రంథములు. వానికి సూచిక చదువరి జ్ఞాపకశక్తియే. 1852లో వెలువడిన బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువువంటి అకారాది గ్రంథములు వచ్చిన తరువాత ఆ భారము తగ్గినది. పదము అర్థము తెలియకున్నను, అక్షరక్రమము తెలిసినచో చాలును.

పిల్లలమర్రి శాసనము చెక్కబడిన కొలది కాలమునకే ఐరోపాలోను ఇట్టి ప్రయత్నము జరిగెను. పదమూడవ శతాబ్దారంభమున స్టీఫెన్ లాంగ్టన్ అను పండితుడు బైబిలును అధ్యాయములుగా విభజించెను. తరువాత 1230 ప్రాంతమున పారిస్‌లోని డొమినికను సన్యాసులు అందలి పదములన్నిటికి ఒక పట్టిక కట్టసాగిరి. అధ్యాయము పేరు చెప్పిన మాత్రమున పదము త్వరగా దొరకదని గ్రహించి, వారు ఒక్కొక్క అధ్యాయమును ఏడు భాగములుగా ఊహించి, వానికి అక్షరములు గుర్తుగా పెట్టిరి. ఏ ప్రతిలోనైనను ఈ గుర్తు సరిపోవును. ముద్రణ వచ్చిన పిదప ప్రతులన్నియు ఒకే తీరున ఉండుటచే పుట అంకెకు క్రొత్త విలువ ఏర్పడెను. అచ్చులో అట్టి అంకెలు 1470లో జర్మనీలోని కొలోన్ నగరమున ముద్రితమైన ఒక చిన్న పుస్తకములో కనబడుచున్నవి.

ఇక మునగాలకు వత్తము. నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము అప్పట్లో నైజాము రాజ్యము మధ్యనున్నను కృష్ణాజిల్లాకు చెందిన పరగణా. కోదాడకు చేరువనున్న నడిగూడెములో ఆ సంస్థానాధిపతి నాయని వేంకటరంగారావు కోట కలదు. ఆయన వద్ద దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923) 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించుటలో ప్రధానపాత్ర వహించి, పిమ్మట ‘ఆంధ్ర విజ్ఞానసర్వస్వము’నకు పూనుకొనెను. సకల శాస్త్రములను తెలుగులో అకారాదిగా కూర్చవలెనని ఆయన సంకల్పము. కాని తొలి అక్షరములు దాటకమునుపే 1923లో ఆయన మరణించెను. అనంతరము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ కార్యమును మరల చేపట్టెను.

అకారాది క్రమములోని బలము, బలహీనత రెండును ఇచట స్పష్టమగుచున్నవి. పేరు తెలిసినవానికి అది సులభమైన దారి. కాని పని మధ్యలో ఆగినచో ‘అణువు’ దొరకునుగాని ‘వ్యవసాయము’ దొరకదు. 1947లో మదరాసులో ఏర్పడిన తెలుగు భాషాసమితి తన విజ్ఞానసర్వస్వమును విషయములవారీగా, ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క సంపుటముగా ప్రకటించెను. ఇందు ప్రతి సంపుటము దానికదే సంపూర్ణము. అయితే ఒక్క పదమును వెదకువానికి చివర అకారాది సూచిక తప్పనిసరి. కాబట్టి పెద్ద గ్రంథమునకు రెండు దారులు కావలెను: విషయక్రమమును చూపునది యొకటి, పదమును చూపునది యొకటి. మొదటిది విషయసూచిక, రెండవది పదసూచిక.

కంప్యూటరు ఈ రెంటిని ఎట్లు నేర్చినది? 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను ఇంజనీరు ఒక ప్రదర్శన జరిపెను. ఆయన తెరమీది వ్రాతను చెట్టువలె కొమ్మలు, రెమ్మలుగా అమర్చెను. కావలెనన్నచో రెమ్మలను మూసి కొమ్మలను మాత్రమే చూడవచ్చును. ఒకచోటినుండి వేరొకచోటికి క్షణములో పోవచ్చును. 1974లో జిరాక్సు సంస్థ ప్రయోగశాలలో తయారైన బ్రేవో అను సాధనము మరియొక మార్గము త్రొక్కెను. కాగితముమీద ఎట్లుండునో తెరమీదను అట్లే అక్షరములు కనబడునట్లు అది చేసెను. దానిని నిర్మించినవారిలో ఒకడైన చార్లెస్ సిమోనీ నాయకత్వమున 1983లో మైక్రోసాఫ్ట్ వర్డ్ వెలువడెను. ఎంగెల్‌బార్ట్ చెట్టును పోలిన శీర్షికల పటము ‘డాక్యుమెంట్ మ్యాప్’ అను పేర 1997 నాటి వర్డ్‌లోను, ‘నావిగేషన్ పేన్’ అను పేర 2010 నాటి వర్డ్‌లోను వచ్చెను.

ఇచ్చట విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి ఉన్నది. మిర్యాలగూడలో ఒక ఉపాధ్యాయుడు తన ప్రాంత చరిత్రను రెండువందల పుటలలో వ్రాయుచున్నాడనుకొందము. ‘సాగరు ఎడమ కాలువ’ అను అధ్యాయపు పేరును ఆయన లావుపాటి పెద్ద అక్షరములలో వ్రాసెను. కంటికి అది శీర్షికయే. యంత్రమునకు మాత్రము అది పెద్దదిగా వ్రాసిన మామూలు పంక్తి. శీర్షికల పటమును తెరచినచో అది ఖాళీగా ఉండును. అదే పంక్తిని ఎన్నుకొని ‘హెడింగ్ 1’ అను శైలిని, దాని ఉపశీర్షికలకు ‘హెడింగ్ 2’ అను శైలిని ఇచ్చినచో, ఆ చెట్టు వెంటనే ప్రక్కన నిలుచును. పేరును నొక్కిన అచటికి పోవచ్చును. పేరును పట్టి లాగినచో అధ్యాయము మొత్తము స్థానము మారును. విషయసూచికయు దానంతట తయారగును. వ్రాత పెరిగి పుటలు మారినప్పుడు సూచికమీద ఎఫ్ 9 మీట నొక్కి దానిని సరిచేసికొనవలెను.

వర్డ్‌లో ఉపకరించు మరికొన్ని మీటలు ఇవి: కంట్రోలుతో ఎఫ్ నొక్కినచో వెదకు స్థలము తెరచుకొనును, కంట్రోలుతో జి నొక్కి పుట సంఖ్య ఇచ్చినచో ఆ పుటకు పోవచ్చును, షిఫ్టుతో ఎఫ్ 5 నొక్కినచో ఇంతకుముందు మార్పు చేసిన చోటికి తిరిగి రావచ్చును. ఉచితముగా లభించు లిబ్రె ఆఫీసులో ఎఫ్ 5 నొక్కినచో ‘నావిగేటర్’ అను పేర శీర్షికలు, పట్టికలు, బొమ్మలు వరుసగా కనిపించును.

తెలుగువారికి పదమును వెదకుటలో ఒక చిక్కు కలదు. తెలుగు అచ్చుపనులలో చాలకాలము వాడిన ఫాంటులలో అక్షరములకు బదులు వాని ముక్కలకు సంకేతములు ఉండెడివి. తెరమీద తెలుగే కనిపించినను, లోపల ఉన్నది తెలుగు కాదు. అట్టి వ్రాతలో తెలుగు పదమును మామూలుగా టైపుచేసి వెదకిన దొరకదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణము తెలుగు అక్షరములకు స్థిరమైన సంకేతములు ఏర్పరచినందున ఈ చిక్కు తీరినది. అయితే మన చేతిలోని చిక్కు తీరలేదు. ఒకచోట ‘వేంకట’ అని, వేరొకచోట ‘వెంకట’ అని వ్రాసినచో యంత్రము వానిని రెండు పేర్లుగా భావింపవచ్చును. కావున పేర్లను ఒకే తీరున వ్రాయుటయు దారి వేయుటలో భాగమే.

శాసనకర్త క్రమమును పాటించెను. లేఖకుడు ఆకునకు అంకె వేసెను. లక్ష్మణరావు అకారాదిని ఎన్నుకొనెను. వీరందరును చదువరి రాకమునుపే దారి వేసినవారు. కంప్యూటరు వెదకుటను వేగవంతము చేసినదే కాని, వ్రాసినవాడు వేయని దారిని అంత నమ్మకముగా చూపజాలదు. విద్యార్థులు తమ తరువాతి వ్యాసమును ఆరంభించునప్పుడు ముందు నాలుగు శీర్షికలు వ్రాసి, వానికి శైలిని ఇచ్చి, పిదప వాక్యములు మొదలిడుదురు గాక. చేర్చిన విజ్ఞానము ఎంత ఉన్నను, వెదకినప్పుడు దొరకినదే అక్కరకు వచ్చును.