చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

మన సంఘాల్లో ఆరోగ్యం గురించి మాట్లాడుకోవడం కొత్త కాదు. పొదుపు లెక్క, అప్పు కంతు అయ్యాక చివరి పది నిమిషాలు ఆరోగ్య ఉపసంఘం అక్క లేచి చెబుతుంది, మనం తల ఊపుతాం. ఈ ఏడాది వానాకాలంలో కొన్ని గ్రామ సమాఖ్యల్లో ఓఆర్ఎస్ పొట్లం చేతికిచ్చి, కలిపి చూపించమ్మా అని అడిగాం. ఒకరు గ్లాసుడు నీళ్లలో పొట్లమంతా పోశారు. ఇంకొకరు సగం పోసి, మిగతాది రేపటికని మడిచి పెట్టారు. ఏళ్ల తరబడి ఈ సంగతి చెబుతున్నది మనమే. మరి తప్పు వాళ్లదా, మనదా? మా కార్యవర్గంలో ఈ మాట మీద చాలాసేపు వాదన నడిచింది. అప్పుడు గుర్తొచ్చిన ఒక పాత సంగతిని ఈ నివేదికలో రాస్తున్నాం.

నీళ్ల విరేచనాలు పట్టిన బిడ్డ ప్రాణం తీసేది చాలాసార్లు ఒంట్లో నీరూ ఉప్పూ పోవడమే. ఒకప్పుడు దీనికి సెలైన్ ఎక్కించడమే దారి. ఉత్త ఉప్పునీళ్లు తాగిస్తే పేగు సరిగా పీల్చుకోదు. అందులో కాస్త చక్కెర కలిస్తే, చక్కెరతో పాటు ఉప్పు లోపలికి పోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. 1960ల్లో ఢాకా, కలకత్తా డాక్టర్లు కలరా రోగులకు ఇచ్చి దీన్ని రుజువు చేశారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దులోని బన్‌గావ్‌లో కాందిశీకులకు కలరా సోకింది. సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రముల్లో పెట్టించి, పక్కనున్న అయినవాళ్లతోనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు వచ్చాయి.

మందు దొరికింది సరే, ఊళ్లకు చేరేదెట్లా? పొట్లాలు లేవు, రోడ్లు లేవు. బంగ్లాదేశ్‌లో 1972లో పుట్టిన బ్రాక్ సంస్థ ఇంట్లో ఉండేవాటితోనే ఈ నీళ్లు చేయడం తల్లులకు నేర్పాలనుకుంది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు. వాళ్లు దీన్ని లొబొన్-గుర్ అన్నారు. లొబొన్ అంటే మన లవణమే, గుర్ అంటే బెల్లం.

1980 నుంచి 1990 దాకా బ్రాక్ ఆడ కార్యకర్తలు ఊరూరూ నడిచి 1.2 కోట్లకు పైగా ఇళ్లకు వెళ్లారు. వాళ్లు చెప్పి వచ్చేయలేదు. తల్లి చేత కలిపించారు, గుర్తుంచుకోవాల్సిన ముక్కలు ఆమె నోట చెప్పించారు. మాకు నచ్చిన సంగతి జీతం పద్ధతి. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి వచ్చి కొందరు తల్లులను అడుగుతాడు, కలిపించి చూస్తాడు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత డబ్బు. తల్లి మరిచిపోతే కార్యకర్త సరిగా నేర్పనట్టే లెక్క. మా కార్యవర్గం వాదన ఇక్కడే తేలిపోయింది.

అయినా చిక్కు వచ్చింది. తల్లులు పాఠం ఒప్పజెబుతున్నారు గానీ, బిడ్డకు విరేచనాలైతే చాలామంది ఆ నీళ్లు పట్టడం లేదు. ఎందుకని ఆరా తీశారు. నేర్పే కార్యకర్తల్లోనే కొందరికి దీని మీద నమ్మకం లేదు; తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారు! ఇంటి పెత్తనం మగవాళ్లది, వాళ్లకేమో ఎవరూ చెప్పలేదు. ఇంకో సంగతి పేర్లలో ఉంది. అక్కడి తల్లులకు విరేచనాలు ఒక్క రకం కాదు. పాలు పడక అయ్యేది ఒకటి, ఒజీర్నో ఒకటి, ఆమాశా ఒకటి, కలరా లాంటి డాయెరియా ఒకటి. కార్యకర్తలు డాయెరియాకు అని చెప్పారు కాబట్టి మిగతావాటికి ఇది మందు కాదనుకున్నారు.

మనమూ అంతే కదా. అజీర్తి అంటాం, బంక విరేచనాలంటాం, పళ్లొచ్చే విరేచనాలంటాం, దిష్టి తగిలిందంటాం. పోస్టరు మీద మాత్రం అతిసారం అని రాస్తాం. ఆ మాట మనింట్లో ఎవరైనా అంటారా? వాళ్లు తప్పు తెలుసుకుని కార్యకర్తలకు మళ్లీ శిక్షణ ఇచ్చారు, మగవాళ్లతో సంతల్లో, మసీదుల దగ్గర మాట్లాడారు. వాడకం పెరిగింది. ఆరోగ్యం ఆసుపత్రిలోనే లేదని, జనం చేతుల్లోనూ ఉందని 1978లో ఆల్మా-ఆటాలో, 1986లో ఒట్టావాలో దేశాలు కాగితం మీద రాసుకున్నాయి. ఆ కాగితాలకు అర్థం ఈ గుప్పెడు బెల్లంలో మాకు బాగా కనబడింది.

ఒక్క జాగ్రత్త. చిటికెడూ గుప్పెడూ మనిషికొక తీరు. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం. ఇప్పుడు ఆశా కార్యకర్త దగ్గర పొట్లం ఉంటుంది, అదే వాడదాం. లీటరు పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు మాత్రలు 14 రోజులూ వేయాలి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా వెంటనే ఆసుపత్రికి.

వచ్చే నెల నుంచి చివరి పది నిమిషాలు ఉపన్యాసం ఉండదు. ప్రతి సంఘం ఒక లీటరు సీసా, ఒక గిన్నె తెచ్చుకోవాలి. సభ్యులు ఒక్కొక్కరే కలుపుతారు. నెల తర్వాత పక్క సంఘం అక్క వచ్చి అడుగుతుంది. జవాబు రాకపోతే మార్కులు తగ్గేది నేర్పిన మాకే.