ప్రాణము నిలిపిన మందు, ముఖముపై మిగిలిన గుర్తు

గ్రామపెద్దలారా! నా నివాసము సికిందరాబాదులోని మారేడ్‌పల్లి. దానికి చేరువనే తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కలదు. మనుష్యుని రోగనిరోధకశక్తిని హరించు హెచ్.ఐ.వి.కి మందు లేర్పడిన చరిత్రలో ఈ సంస్థకు స్థాన మున్నది. 1987లో అమెరికాయందు అనుమతి పొందిన జైడోవుడిన్ అను మందు మిక్కిలి వెలగలదై పేదల కందకుండెను. గుంటూరువారగు ఆళ్ల వెంకట రామారావుగారు ఈ సంస్థలో దానిని చౌకగా తయారుచేయు విధానమును రూపొందించిరి. 1990 తరువాతి యేండ్లలో సిప్లావారు దానిని విక్రయింపసాగిరి.

ఒక్క మందుతో వ్యాధి లొంగలేదు. 1996 మొదలుకొని మూడు మందులను కలిపి యిచ్చు పద్ధతి వ్యాపించి మరణములు తగ్గెను. మన దేశమున 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము వీనిని ఉచితముగా నిచ్చుటకు మొదలిడిన రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అప్పటి మందులలో స్టావుడిన్ ముఖ్యమైనది. అది వైరసును అణచెను గాని, శరీరకణములలో ఆహారమును శక్తిగా మార్చు మైటోకాండ్రియాలను దెబ్బతీసెను. అందుచే పలువురకు బుగ్గలలోను, కాలుసేతులలోను కొవ్వు కరగిపోయెను. కొందరికి రక్తమున లాక్టిక్ ఆమ్లము పెరిగి ప్రాణాపాయమే కలిగెను. వేరు కొన్ని మందులు రక్తములోని కొవ్వును, చక్కెరను పెంచెను.

ఆ దినములలో నా పూర్వశిష్యు డొకడు నా యింటికి వచ్చెను. "పంతులుగారూ, రోగమును దాచితిని గాని బుగ్గలను దాచలేకపోతిని. ఊరివారి చూపులకు వెరచి మందు మానివేసితిని" అని కంట తడిపెట్టెను. మానినచో వ్యాధి మరల తలయెత్తునని చెప్పి, మరునాడే వైద్యునికడకు తోడ్కొనిపోతిని. వైద్యుడు మందు మార్చెను. అతడు నేటికిని కుశలముగా నున్నాడు. బుగ్గలు మాత్రము పూర్తిగా పూడలేదు.

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను క్రమముగా విడువవలయునని సూచించెను. నేడు వాడుకలోనున్న డోల్యూటెగ్రవిర్ బుగ్గల నట్లు కరగింపదు. అయినను దానివలన కొందరికి బరువును, రక్తములో చక్కెరయు పెరుగవచ్చును. కావున మందు వాడువారు బరువు, చక్కెర, కొవ్వు పరీక్షింపించుకొనుచుండవలయును. దోషము కనబడినచో వైద్యునికి చెప్పవలయునే గాని, తమంతట మందు మానరాదు.

పెద్దలారా! మందులోని దోషమును వైద్యశాస్త్రము దిద్దుకొనుచు వచ్చినది. మీ యూరిలో బుగ్గలు పీక్కుపోయినవాడు కనబడినపుడు, రోగమేమని నలుగురిలో నడుగకుడు. ఆస్పత్రికి పోవుటకు తోడు కావలయునా యని యొంటరిగా నడుగుడు.