కాలువలు కట్టేసిన కాలంలో తెరిచిన బడులు

కృష్ణా డెల్టాలో వేసవి అంటే కాలువలు కట్టేసే కాలం. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయి, కాలువలు ఊరూరికీ సాగాక పల్లె జీవితమంతా ఆ నీటి రాకపోకల చుట్టూ అల్లుకుంది. సార్వా కోతలై, మాగాణిలో చల్లిన మినుము, పెసర కూడా ఇంటికి చేరాక మరమ్మతుల కోసం నీళ్లు ఆపేస్తారు. ఆపే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. ఇక నారుమళ్లు పోసేదాకా పొలం పని తక్కువ. పంతుళ్లకూ, విద్యార్థులకూ సెలవులు. తాటాకు పందిరి వేసి నలుగురినీ కూర్చోబెట్టి చదువు చెప్పడానికి అంతకన్నా అదను దొరకదు. ఇక్కడి వేసవి శిబిరాలు ఆ తీరికలోంచే పుట్టాయి.

మొదట దారి తీసింది గ్రంథాలయోద్యమం. 1914 ఏప్రిల్‌లో, మంచి ఎండల్లో, బెజవాడ రామమోహన గ్రంథాలయం ఆధ్వర్యంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి సూత్రధారి, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షుడు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం ప్రాంతంలో పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్లకు చేర్చారు. పంటకు నీరిచ్చే కాలువే పుస్తకానికీ బాటయింది.

1930ల్లో చదువు రాజకీయం వైపు తిరిగింది. నిడుబ్రోలులో ఆచార్య రంగా రైతు కార్యకర్తల శిక్షణకు విద్యాలయం నెలకొల్పారు. 1934లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం పడడంతో దాని కార్యకర్తలు కాంగ్రెసు సోషలిస్టుల్లో కలిసి పనిచేశారు. వాళ్లంతా 1937 వేసవిలో ఒంగోలు దగ్గరి కొత్తపట్నం సముద్రతీరంలో రాజకీయ పాఠశాల పెట్టారు. అప్పుడు మద్రాసులో ఉన్నది కూర్మా వెంకటరెడ్డినాయుడి తాత్కాలిక మంత్రివర్గం. పాఠశాలను నిషేధించారు, చదువుకోవడానికి వచ్చిన యువకుల మీద లాఠీలు ఆడాయి. పాఠం వినడమే నేరమైన ఆ ఘట్టం తెలుగు నేల మరిచిపోకూడనిది.

అదే ఏడాది జులైలో రాజాజీ నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది. మరుసటి వేసవిలో, 1938లో, పాఠశాల డెల్టా నడుమకే చేరింది. పశ్చిమ డెల్టాలోని మంతెనవారిపాలెం అందుకు వేదికైంది. ఇప్పుడది బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలంలోని ఊరు. చిన్న ఊరే కావచ్చు, ఆంధ్ర వామపక్ష చరిత్ర చెప్పేవాళ్లెవరూ ఆ పేరు దాటిపోలేరు. రైతు అప్పు, జమీందారీ, సామ్రాజ్యవాదం లాంటి మాటలు పత్రికల్లోంచి పల్లె పందిళ్లలోకి దిగింది ఇలాంటి శిబిరాల వల్లనే.

1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలపు నిర్బంధాల్లో బహిరంగ పాఠశాలలకు చోటు లేకుండా పోయింది. 1942లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగాక శిక్షణ కళల దారి పట్టింది. వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి దళాలు తయారయ్యాయి, షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోశారు. 1944లో విజయవాడలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ మహాసభ నాటికి రైతు ఉద్యమం డెల్టాలో గట్టిగా వేళ్లూనుకుంది.

1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువలు కట్టేసే రివాజు మాత్రం పోలేదు. వేసవి చదువు మళ్లీ మొదలైన చోటికే చేరింది: ఏటా సెలవుల్లో ప్రభుత్వ శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకు వేసవి విజ్ఞాన శిబిరాలు నడుస్తున్నాయి.