72 గజాల లెక్క

కనీస వేతనం ఎంత ఉండాలో 1957 జూలైలో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత పెట్టి చెప్పింది. సంపాదించే మనిషి ఒకడు, ఆలుపిల్లలతో కలిపి ఇంట్లో నలుగురు. పెద్ద మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, ఇంటి కిరాయి, పొయ్యికీ దీపానికీ చిల్లర ఖర్చులకూ కలిపి 20 శాతం. మనిషికి ఏడాదికి 18 గజాల బట్ట, అంటే ఇంటికి 72 గజాలు. పిల్లల చదువుకూ, మందులకూ, ముసలితనానికీ ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.

72 గజాలంటే 66 మీటర్లు. బొంబాయి పక్కనున్న భీవండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాణ్ని కనుక నాకు ఆ అంకె మీదే చూపు ఆగుతుంది. అంగుళానికి 52 పేక పోగులు పడే మామూలు కోరా బట్టకు మీటరుకు రెండు వేల పైచిలుకు పోగులు కావాలి. నిమిషానికి నాడె 120 సార్లు పరుగెత్తే సాంచా మీద, ఏదీ ఆగకపోతే, మీటరు దిగడానికి 17 నిమిషాలు. కానీ పోగు తెగుతుంది, కండె అయిపోతుంది. 12 గంటల షిఫ్టులో సాంచాకు 30 మీటర్లు వస్తే మంచి రోజు, నాలుగు సాంచాల మీద 120. ఇంటిల్లిపాదికీ ఏడాదంతా సరిపోయే బట్టను నేతగాడు ఒక్క షిఫ్టులో సగం పొద్దు దాటేసరికి నేసేస్తాడు. అదే కొలతలో రాసిన తిండి, కిరాయి, మందులు మాత్రం మీటరు లెక్కన వచ్చే పగారులో ఎన్నడూ ఇమడలేదు.

భీవండి పాత చేనేత ఊరు. 1857 తర్వాత ఉత్తరాది నుంచి వలస వచ్చిన మోమిన్ నేతగాళ్లు ఇక్కడ మగ్గాలు వేసుకున్నారు. కరెంటు సాంచాలు ఆ తర్వాతి మాట. మనవాళ్లు వచ్చిన దారి వేరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పద్మశాలీలు కొందరు సోలాపూర్‌లో దిగారు, కొందరు బొంబాయి మిల్లులకు పోయారు, ఇంకొందరు ఇక్కడికి చేరారు. పద్మనగర్, కామత్‌ఘర్ తెలుగు బస్తీలయ్యాయి. మార్కండేయుడి గుడి వెలిసింది, తెలుగు బడి వచ్చింది. మా నాయిన సిరిసిల్ల దగ్గరి పల్లెలో గుంట మగ్గం వదిలిపెట్టి వచ్చినవాడే.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనుక రెండున్నర లక్షల మంది బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మిల్లులు మూతపడ్డా బజారులో బట్టకు కరువు రాలేదు. నూలు లారీలెక్కి భీవండికి వచ్చి, ఇక్కడ బట్టై తిరిగిపోయింది. మిల్లులు తుక్కు కింద అమ్మిన మగ్గాలు మా రేకుల షెడ్లలో మళ్లీ తిరిగాయి. వర్లీ, పరేల్ వైపు చాళ్లలో ఉండే తెలుగువాళ్లు కొందరు ఆ మగ్గాల వెంటే వచ్చారు. మిల్లులో వాళ్లకు 8 గంటల షిఫ్టు, కరువు భత్యం, పీఎఫ్, ఈఎస్ఐ ఉండేవి. ఇక్కడ 12 గంటలు, మీటరు కూలి, అంతే. ఆ సమ్మెను మిల్లుల కథగా మాత్రమే చెప్పుకుంటుంటే నాకు బాధేస్తుంది. ఓడింది ఎవరన్నది భీవండికి వచ్చి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఇదంతా చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే వర్తించేది. అందుకని ఒకే షెడ్డు నాలుగు పేర్ల మీద ఉండేది: సేటు, తమ్ముడు, భార్య, కొడుకు. మధ్యన గోడ కూడా ఉండేది కాదు. అదే ఏడు వచ్చిన కనీస వేతనాల చట్టానికి ఆ పదిమంది షరతు ఉండేది కాదు. మీటరు కూలి ఇచ్చినా, నిర్ణయించిన రోజు కూలి కంటే తగ్గొద్దని దాని 17వ సెక్షన్ చెప్పేది. పని చూపించలేకపోయిన తప్పు యజమానిదైతే రోజంతా పనిచేసినట్టే లెక్కకట్టాలని 15వ సెక్షన్ చెప్పేది. సాంచాల దగ్గర మాకు తెలిసిన రివాజు ఇంకొకటి: కరెంటు పోతే మీటరు లేదు, పడుగు చుట్టిన భీము రాకపోతే మీటరు లేదు, బట్టలో మచ్చ పడితే కోత.

పగారు పదిహేను రోజులకోసారి. ఒంటరిగా వచ్చినవాళ్లు ముందు బిస్సీ (మెస్సు) ఖాతా తీర్చాలి, లేకపోతే రేపటి అన్నం లేదు. తర్వాత ఖోలీ (గది) కిరాయి. పగలు నడిపేవాడూ రాత్రి నడిపేవాడూ ఒకే చాప మీద వంతులవారీగా పడుకుంటే ఆ కిరాయి తగ్గుతుంది. మిగిలింది ఊరికి. సంసారాలున్న ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుట్టేవాళ్లు, బీడీలు చేసేవాళ్లు. మా బడి ఖర్చు మా అమ్మ చుట్టిన కండెలతోనే వెళ్లింది. 1957 కొలతలో ఇంకో మాట కూడా ఉంది: ఆడవాళ్ల, పిల్లల సంపాదన లెక్కలోకి తీసుకోవద్దు, ఒక్కడి కూలితోనే ఇల్లు గడవాలి. అది చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అమ్మ గురించి ఆలోచించాను. ఆమె వేళ్ల మీద నూలు కోసిన గీతలు ఆ మహాసభ చెప్పిన ప్రకారం ఉండకూడనివి.

2016 నోట్ల రద్దుకు, 2020 లాక్‌డౌన్‌కు సాంచాలు ఆగినప్పుడు పూర్తి రోజు కూలి ఎవరూ అడగలేదు. అడగడానికి చేతిలో కాగితం ఏది? మీటర్లు మెహతా (గుమాస్తా) నోటుబుక్కులో ఉంటాయి. పగారు తీసుకున్నాక ఆ పేజీ మళ్లీ మన కంటబడదు. హాజరు పట్టీలో పేరుండదు.

2019 వేతనాల కోడ్ 59వ సెక్షన్‌లో ఒక మంచి మార్పు ఉంది. కూలి తక్కువ ఇచ్చారని కార్మికుడు కేసు వేస్తే, పూర్తిగా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. కానీ అంతకంటే ముందు, ఆ షెడ్డులో ఆ సాంచాల మీద నిలబడింది తానేనని కార్మికుడు చూపించాలి. పేరు, సాంచాల సంఖ్య, మీటర్లు, రేటు రాసిన చీటీ ప్రతి పగారుతోపాటు చేతికి రావాలని నేను అందుకే అంటున్నాను. అది వచ్చేదాకా, షిఫ్టు దిగేటప్పుడు ఆ నోటుబుక్కు పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకొమ్మని పద్మనగర్ పిల్లలకు చెబుతున్నాను. కొందరు తీస్తున్నారు.