8 వేల ఏళ్ల వైన్ కథ: భూమిలో పాతిన మట్టి కుండే ఫ్యాక్టరీ.. జార్జియా సంప్రదాయం వెనుక ఇంత చరిత్ర ఉందా!

తెలుగు రాష్ట్రాల్లో 'వైన్స్' బోర్డు కనిపిస్తే అది మద్యం దుకాణమని అర్థం. లోపల అన్నీ దొరుకుతాయి, అసలు వైన్ కొనేవాళ్లు మాత్రం తక్కువే. కానీ ఓ చిన్న దేశంలో వైన్ అంటే మందు కాదు.. ఇంటి పంట, గుడి ప్రసాదం, పెళ్లి విందు, చావు సంతాపం అన్నీ అదే. ఆ దేశం జార్జియా. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్ చదవడానికి వెళ్తున్న విద్యార్థుల వల్ల రాజధాని టిబిలిసి పేరు ఇక్కడ చాలా ఇళ్లలో తెలిసిందే. ఆ నగరానికి దగ్గర్లోనే ప్రపంచంలో అతి పురాతన వైన్ ఆనవాళ్లు బయటపడ్డాయి.

కుండ పెంకుల్లో దొరికిన సాక్ష్యం

టిబిలిసికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గదచ్రిలి గోరా, షులవేరి గోరా అనే రెండు పాత మట్టి దిబ్బలున్నాయి. రాతియుగం చివర్లో జనం నివసించిన ఊళ్లవి. అక్కడ తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులను శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో పరీక్షించారు. మట్టిలోకి ఇంకిపోయిన టార్టారిక్ ఆమ్లం ఆనవాళ్లు కనిపించాయి. ఆ ప్రాంతంలో ఈ ఆమ్లం ఇంత మోతాదులో ఉందంటే అది ద్రాక్ష నుంచే వచ్చి ఉండాలి. ఆ పెంకుల కాలం క్రీస్తుపూర్వం 6000 ప్రాంతం. అంటే సుమారు 8 వేల ఏళ్లు! 2017లో ఈ పరిశోధన వెలువడింది. అప్పటివరకు ఆ రికార్డు ఇరాన్‌లోని హాజీ ఫిరూజ్ తెపె పేరిట ఉండేది. పక్కనే ఉన్న అర్మేనియాలోని అరేని గుహలో 6 వేల ఏళ్ల నాటి వైన్ తయారీ కేంద్రమే దొరికింది. మొత్తానికి వైన్ పుట్టిల్లు ఈ కాకసస్ కొండల చుట్టుపక్కలే అన్నది చాలామంది పరిశోధకుల మాట.

జార్జియా భాషలో వైన్‌ను 'గ్వినో' అంటారు. ఇంగ్లిష్ 'వైన్' మాటకు మూలం ఇదేనని అక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. భాషా పండితుల్లో మాత్రం దీనిపై ఏకాభిప్రాయం లేదు.

క్వెవ్రీ అంటే ఏంటి?

క్వెవ్రీ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద మట్టి కుండ. అడుగు భాగం సన్నగా మొనదేలి ఉంటుంది. చిన్నవాటిలో పదుల లీటర్లు పడితే, పెద్దవాటిలో వేల లీటర్లు పడతాయి. మనిషి లోపలికి దిగి కడగాల్సినంత పెద్దవీ ఉంటాయి. దీన్ని చక్రం మీద తిప్పి చేయరు. కుమ్మరి మట్టి పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ, కింది వరస ఆరాక పై వరస వేస్తూ వారాల తరబడి పైకి లేపుతాడు. తర్వాత బట్టీలో రోజుల తరబడి కాలుస్తారు. వేడి తగ్గకముందే లోపల తేనెమైనం పూస్తారు. మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఆ తర్వాత కుండను మూతి వరకు భూమిలో పాతేస్తారు. ఒకప్పుడు మన పల్లెల్లో ధాన్యాన్ని పాతరేసేవాళ్లు కదా.. చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. ఇలా కుండలు పాతిన చోటును 'మరాని' అంటారు. ఇంట్లో పూజగది ఎంత పవిత్రమో, అక్కడ మరాని అంత పవిత్రం.

తయారీ ఎలా?

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ద్రాక్ష కోతలు మొదలవుతాయి. ఈ కోతల పండగ పేరు 'ర్త్వేలి'. పట్నాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా సొంతూళ్లకు వచ్చేస్తారు. కోసిన పండ్లను చెక్క తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు. రసంతో పాటు తొక్కలు, గింజలు, కొన్నిచోట్ల కాడలు కూడా కుండలో పోస్తారు. ఈ పిప్పిని 'చాచా' అంటారు.

బయటి నుంచి ఈస్ట్ కలపరు. తాటికల్లు దానంతటదే పులిసినట్టు, ద్రాక్ష తొక్క మీదుండే సహజ ఈస్ట్‌తోనే రసం పులుస్తుంది. ఆ సమయంలో రోజుకు కొన్నిసార్లు కర్రతో కలుపుతారు. పొంగు తగ్గాక మూత పెట్టి మట్టితో బిగిస్తారు. 5 నుంచి 6 నెలల తర్వాత వసంతంలో తెరుస్తారు.

ఇక్కడే కుండ ఆకారం పనిచేస్తుంది. గింజలు కింది మొనలోకి జారిపోతాయి. వాటిపై తొక్కలు పేరుకుంటాయి. దాంతో గింజల చేదు పైనున్న వైన్‌కు ఎక్కువగా తగలదు. చుట్టూ మట్టి ఉండటంతో చలికాలమైనా ఎండాకాలమైనా ఉష్ణోగ్రత పెద్దగా మారదు. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు.. అయినా పని జరిగిపోతుంది! తెల్ల ద్రాక్షను తొక్కలతో నెలల తరబడి ఉంచడం వల్ల వైన్ ముదురు తేనె రంగులోకి మారుతుంది. బయటి ప్రపంచం దీన్నే 'ఆరెంజ్ వైన్' అంటోంది.

ఒక దేశం.. రెండు రుచులు

దేశం చిన్నదే అయినా ప్రాంతాన్ని బట్టి పద్ధతి మారుతుంది. తూర్పున ఉన్న కఖేతిలో పిప్పి మొత్తం వేస్తారు. అందుకే అక్కడి వైన్ చిక్కగా, వగరుగా ఉంటుంది. పడమట ఇమెరెతిలో కొంత పిప్పి మాత్రమే వేస్తారు కాబట్టి రుచి తేలిక. ఎర్ర ద్రాక్షలో సపెరావి, తెల్ల ద్రాక్షలో ర్కత్సితెలి బాగా పేరున్న రకాలు. జార్జియాకే సొంతమైన ద్రాక్ష రకాలు 500కు పైగా ఉన్నాయి.

మతంతోనూ విడదీయలేని బంధం ఉంది. 4వ శతాబ్దంలో జార్జియాకు క్రైస్తవాన్ని తెచ్చిన సెయింట్ నినో, ద్రాక్ష తీగను తన జుట్టుతో కట్టి శిలువ చేశారని నమ్మకం. అలవెర్ది మఠంలో సన్యాసులు ఇప్పటికీ క్వెవ్రీ వైన్ చేస్తున్నారు. టిబిలిసి కొండపై ఉన్న 'కార్త్లిస్ దేదా' విగ్రహం ఒక చేతిలో కత్తి, మరో చేతిలో వైన్ గిన్నె ఉంటాయి. శత్రువుకు కత్తి, అతిథికి వైన్ అని అర్థం.

విందుకో పెద్దమనిషి

జార్జియా విందును 'సుప్రా' అంటారు. దీన్ని నడిపించే పెద్దమనిషి 'తమాడా'. ఆయన లేచి దేవుడికి, శాంతికి, పెద్దలకు, చనిపోయినవాళ్లకు, పిల్లలకు ఒక్కొక్కరి పేరున నాలుగు మంచి మాటలు చెప్పాకే గ్లాసు ఎత్తాలి. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తాగేయడం మర్యాద కాదు. తాగి తూలితే తమాడా పరువు పోయినట్టే! మధ్యలో బృందగానాలు సాగుతాయి. కఖేతి విందుల్లో పాడే 'చక్రులో' పాట 1977లో వాయేజర్ నౌకలోని బంగారు రికార్డులో అంతరిక్షానికి వెళ్లింది.

చేజారబోయి నిలిచింది

ఇంత చరిత్ర ఉన్నా ఈ పద్ధతి దాదాపు కనుమరుగయ్యేది. సోవియట్ కాలంలో పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. ఎక్కువ దిగుబడి ఇచ్చే కొన్ని రకాలకే ప్రాధాన్యం దక్కింది. క్వెవ్రీ రైతుల ఇళ్లకే పరిమితమైంది. 1985లో గోర్బచేవ్ మద్య వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టాక చాలా ద్రాక్ష తోటలను పీకేశారు.

అసలు దెబ్బ 2006లో తగిలింది. నాణ్యత లేదంటూ రష్యా జార్జియా వైన్‌ను నిషేధించింది. ఇది రాజకీయ కక్షేనని జార్జియా ఆరోపించింది. అప్పటికి ఎగుమతుల్లో సింహభాగం రష్యాకే వెళ్లేది. ఒక్కసారిగా మార్కెట్ మూతపడటంతో కొత్త దేశాలను వెతుక్కోవాల్సి వచ్చింది. యూరప్, అమెరికాలో ఇప్పటికే కోట్ల సీసాలున్నాయి. మరి జార్జియా దగ్గర వాళ్లకు లేనిది ఏముంది? ఆ ప్రశ్నకు జవాబుగా భూమిలోని పాత కుండ మళ్లీ బయటికొచ్చింది. ఇటలీకి చెందిన యోష్కో గ్రావ్నర్ లాంటి తయారీదారులు అప్పటికే జార్జియా కుండలు తెప్పించుకుని తమ ఊళ్లో పాతుకున్నారు. 2013లో క్వెవ్రీ పద్ధతిని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది రష్యా నిషేధం ఎత్తేసింది.

ఇప్పుడు కథ మళ్లీ మొదటికి వస్తోంది. ఎగుమతుల్లో సగానికి పైగా మళ్లీ రష్యాకే వెళ్తున్నాయి. దేశంలో తయారయ్యే మొత్తం వైన్‌లో క్వెవ్రీ వాటా చాలా తక్కువ. పెద్ద క్వెవ్రీలు చేయగల కుమ్మరి కుటుంబాలు కొద్ది ఊళ్లలోనే మిగిలాయి. ఈ విద్యకు పుస్తకం లేదు, తండ్రి చేస్తుంటే కొడుకు చూసి నేర్చుకోవాల్సిందే. గిరాకీ ఉన్నా చేసే చేతులు తగ్గితే, 8 వేల ఏళ్ల ఆ పద్ధతి మ్యూజియంలోనే చూడాల్సి వస్తుంది.

(గమనిక: ఇది చరిత్ర, సంస్కృతిపై అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మద్యపానం ఆరోగ్యానికి హానికరం.)