అఫ్జల్‌గంజ్ నుంచి బెంజ్ సర్కిల్ దాకా: పసిబిడ్డ మత్తు మోతాదు చరిత్ర

మత్తు మందు ఏ మేరకు క్షేమమన్న ప్రశ్నకు ప్రపంచ వైద్యలోకం ఒకప్పుడు హైదరాబాదులో సమాధానం వెతికింది. 1848లో ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చిన హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక నిమిషాల్లోనే మరణించగా, ఆ మందు ముందు శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్న వివాదం దశాబ్దాల పాటు సాగింది. దీన్ని తేల్చడానికి హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు నడపగా, రెండవదానికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసాయం చేశాడు, లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వందల జంతువులపై ప్రయోగాలు చేసిన ఆ కమిషన్, ముందు ఆగేది శ్వాసేననీ, కాబట్టి శ్వాసను కనిపెట్టి ఉంటే చాలుననీ తీర్పు చెప్పింది. లారీ వద్ద పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు పొందింది.

ఆ తీర్పులో సగమే నిజమని 1911లో గుడ్‌మన్ లీవీ అనే వైద్యుడు నిరూపించాడు. క్లోరోఫారం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు సైతం గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని తేలడంతో, శ్వాసను గమనించాలన్న సూత్రం నిలిచినా గుండెకు భయం లేదన్న ధీమా కూలిపోయింది.

తర్వాతి మలుపు మత్తుకు తోడుగా ఇచ్చే మందులతో వచ్చింది. దక్షిణ అమెరికా వేటగాళ్లు బాణాలకు పూసే క్యూరారే విషాన్ని 1942 జనవరి 23న మాంట్రియల్‌లో వైద్యులు గ్రిఫిత్, జాన్సన్‌లు శస్త్రచికిత్సలో వాడడంతో కండరాలను సడలించే మందుల యుగం మొదలైంది. ఈ మందులు నిద్ర తేవు, నొప్పి తీయవు. ఊపిరి కండరాలను కూడా సడలిస్తాయి కనుక, ఇచ్చినవారే రోగికి ఊపిరి పోయాలి. 1950ల తొలినాళ్లలో వాడుకలోకి వచ్చిన సక్సినైల్‌కోలిన్ విషయంలో, పసిబిడ్డ శరీరంలో నీటి వాటా ఎక్కువ కావడం వల్ల మందు పలచబడుతుంది. అందుకే పెద్దలకు కిలోకు సుమారు 1 మిల్లీగ్రాము సరిపోయేచోట శిశువుకు సుమారు 2 మిల్లీగ్రాములు కావలసి వస్తుంది. వెకురోనియం వంటి మందులు మాత్రం, నరం కండరాన్ని కలిసేచోటు శిశువులో ఇంకా పరిణతి చెందదు కనుక, పెద్దల్లో కన్నా ఎక్కువసేపు పనిచేస్తాయి. కాబట్టి శిశువును చిన్న సైజు పెద్దమనిషిగా లెక్కగట్టడం తప్పు.

1990ల తొలి ఏళ్లలో మరో ప్రమాదం స్పష్టమైంది. కండర క్షీణత వ్యాధి బయటపడని మగపిల్లల్లో సక్సినైల్‌కోలిన్ కండరాల నుంచి పొటాషియాన్ని రక్తంలోకి వదిలి గుండెను ఆపగలదని గ్రహించిన అమెరికా నియంత్రకులు, పిల్లల్లో అత్యవసరాలకే దాన్ని పరిమితం చేయమని హెచ్చరించారు. ఇక కండరాలను సడలించే మందుల మోతాదు ప్రభావాన్ని ఊహకు వదలకుండా, మణికట్టు నరానికి వరుసగా నాలుగు విద్యుత్ స్పందనలు పంపి బొటనవేలి కదలికలను పోల్చే పద్ధతి 1970లోనే వచ్చింది.

ఈ పాఠాలు నేటి తల్లిదండ్రులకూ అవసరమే. హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రహదారి చెన్నై-కోల్‌కతా రహదారిని కలిసే బెంజ్ సర్కిల్ ఉన్నది, 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి నెలవైన విజయవాడలోనే. కృష్ణా డెల్టా పల్లెల నుంచి ఇక్కడికి బిడ్డను ఆపరేషనుకు తెచ్చే తల్లిదండ్రులు, బిడ్డ సరైన బరువునూ, నడక ఆలస్యమైతే ఆ సంగతినీ, వంశంలో ఎవరికైనా కండరాల జబ్బో మత్తు వికటించిన అనుభవమో ఉంటే దాన్నీ మత్తు వైద్యునికి దాచకుండా చెప్పాలి. క్షేమమైన మోతాదు అక్కడినుంచే మొదలవుతుంది.